గన్ను కనబడేలా పెట్టుకోవాలా, చొక్కా కింద దాచాలా? అమెరికా తెలుగువాళ్లకు తరచుగా వచ్చే ప్రశ్నలు

ఈ జవాబులన్నీ పిస్టల్, రివాల్వర్ లాంటి చేతి తుపాకుల గురించి. రైఫిళ్ల రూల్స్ వేరు. ఉదాహరణలు ఎక్కువగా టెక్సస్‌వి. మనవాళ్లు బాగా ఉన్న రాష్ట్రం, పైగా అక్కడ రెండు పద్ధతులూ చెల్లుతాయి కాబట్టి.

ఓపెన్ క్యారీ ఏది, కన్సీల్డ్ క్యారీ ఏది?

నడుముకో భుజానికో హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తగిలించి, అందులో గన్ను పక్కవాళ్లకు కనబడేలా ఉంచుకుని తిరిగితే ఓపెన్ క్యారీ. చొక్కా కింద, కోటు లోపల, హ్యాండ్‌బ్యాగులో కనబడకుండా పెట్టుకుంటే కన్సీల్డ్ క్యారీ. పిడి ఒక్కటే బయటికి కనబడుతుంటే? టెక్సస్ చట్టం దాన్నీ కనబడినట్టే లెక్కేస్తుంది, హోల్‌స్టర్‌లో ఉంటే మాత్రం తప్పు పట్టదు. హోల్‌స్టర్ లేకుండా చేత్తో పట్టుకుని తిరగడం ఈ రెంటిలో ఏదీ కాదు. అది జనాన్ని బెదిరించిన కేసు.

హెచ్-1బి మీద ఉన్నాను. ఈ రెంటిలో నాకు ఏది మంచిది?

రెండూ కాదు. మీకు అసలు ప్రశ్న అంతకంటే ముందుంది: గన్ను ముట్టుకోవచ్చా అన్నది.

ఫెడరల్ చట్టం (టైటిల్ 18, సెక్షన్ 922) ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు గన్ను గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, మిమ్మల్ని చూడ్డానికి బి-2 మీద వచ్చిన అమ్మానాన్నలు, అందరూ ఇందులోకే వస్తారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి పదేళ్లయినా, గ్రీన్ కార్డు చేతికి రానంతకాలం స్టేటస్ అదే. రాష్ట్రం 'పర్మిట్ అక్కర్లేదు' అన్నంత మాత్రాన ఈ నిషేధం తొలగదు. శిక్ష 2022 నుంచి 15 ఏళ్ల దాకా ఉంది. తెలిసీ మీ చేతికి గన్ను ఇచ్చిన స్నేహితుడి మీదా అదే స్థాయి కేసు పెట్టవచ్చు.

ఒక మినహాయింపు ఉంది, దాని చుట్టూ వాట్సాప్ సలహాలు బోలెడు. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో స్థానికులకు ఆ లైసెన్సు 25 డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. దారి చట్టబద్ధమైనదే, కానీ కాలు జారే చోటు ఇది. టెక్సస్ వార్షిక లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1 ఉదయం బీరువాలో ఉన్న అదే గన్ను ఫెడరల్ నేరం అయిపోతుంది. ఆ తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోలేని మనిషి ఈ దారిలోకి రాకపోవడమే మేలు. వచ్చేవాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి రావాలి, షాపువాడి మాట సరిపోదు.

కొనను. లాస్ వేగస్‌లోనో డాలస్‌లోనో షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె గన్నుతో నాలుగు రౌండ్లు కాలిస్తే?

కొనడాన్ని ఒక్కదాన్నే చట్టం ఆపలేదు, దగ్గర ఉంచుకోవడాన్ని ఆపింది. రేంజిలో అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకున్న గన్ను కూడా మీ దగ్గర ఉన్నట్టే. 2019లో సుప్రీంకోర్టు తేల్చిన రెహైఫ్ కేసు మొదలైంది సరిగ్గా ఇలాగే. ఎఫ్-1 మీద ఫ్లోరిడాకు వచ్చిన విద్యార్థిని యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది, తర్వాత అతను ఒక రేంజికి వెళ్లి కాల్చాడు. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు 7-2తో చెప్పింది. రేంజిలో కాల్చడం తప్పు కాదని మాత్రం అనలేదు. కౌంటర్‌లో వాళ్లు పాస్‌పోర్టు చూసి ఊరుకున్నారన్నది మీకు రక్షణ కాదు.

గ్రీన్ కార్డు వచ్చింది. ఇక సిటిజన్‌తో సమానమేనా?

కొనడంలో దాదాపు సమానమే. షాపులో ఫారం 4473 నింపాలి, ఫోటో గుర్తింపు కార్డుతో పాటు మీ ఏలియన్ నంబరు ఇవ్వాలి. డీలరు దగ్గర చేతి తుపాకీకి 21 ఏళ్లు నిండాలి. గంజాయి ప్రశ్న దగ్గర జాగ్రత్త: మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా ఫెడరల్ ఫారం ఒప్పుకోదు. ఆ ప్రశ్నకు అబద్ధం రాస్తే అది వేరే నేరం.

తేడా తప్పు జరిగినప్పుడు బయటపడుతుంది. ఏ చట్టాన్నైనా ఉల్లంఘించి గన్ను కలిగి ఉన్నారని, మోసుకెళ్లారని శిక్ష పడితే సిటిజన్ కానివాళ్లను దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో విడిగా ఒక నిబంధన ఉంది. సిటిజన్‌కు జరిమానాతో పోయే 'పొరపాటున ఫలానా చోటికి తీసుకెళ్లాను' అనే కేసు, గ్రీన్ కార్డు మనిషికి ఇల్లూ ఉద్యోగమూ పోగొట్టే కేసు కాగలదు. కాబట్టి కింద ప్రతి జవాబులోనూ 'చట్టం ఒప్పుకుంటుందా' దగ్గర ఆగకుండా 'తేడా వస్తే ఎంత నష్టం' అని కూడా లెక్క వేసుకోండి.

ఇంట్లో నాది గ్రీన్ కార్డు, మా ఆవిడది హెచ్-4. ఇంట్లో గన్ను ఉంటే ఆమెకు ఇబ్బందా?

ఆమె చేతికి అందేలా, ఆమె అదుపులో ఉన్నట్టు ఉంటే ఇబ్బందే. చట్టం దృష్టిలో 'ఉండటం' అంటే చేతిలో ఉండటం ఒక్కటే కాదు, కావాలంటే తీసుకోగలగడం కూడా. సేఫ్‌లో పెట్టి, తాళం లేదా కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. తూటాలకూ అదే నియమం. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడూ అంతే.

ఏ రాష్ట్రంలో ఏది చెల్లుతుంది?

రాష్ట్రాలు నాలుగు రకాలుగా ఉన్నాయి.

టెక్సస్, జార్జియా, ఒహాయో, అరిజోనా లాంటి చోట్ల అర్హత ఉన్న పెద్దవాళ్లు పర్మిట్ లేకుండా ఎలాగైనా పెట్టుకోవచ్చు. దాచుకోవడానికి పర్మిట్ అడగని రాష్ట్రాలు 2024లో దక్షిణ కరోలినా, లూయిసియానా చేరేసరికి 29 అయ్యాయి. వెర్మాంట్‌లో అయితే పర్మిట్ అనేదే ఎప్పుడూ లేదు.

రెండో రకం మిషిగన్, వాషింగ్టన్. కనబడేలా పెట్టుకుంటే పర్మిట్ అడగరు, దాచుకుంటే అడుగుతారు. ఇక్కడ పడిపోయే గుంట కారు. నడుముకు గన్ను కనబడేలా పెట్టుకుని రోడ్డు మీద నడిచే మిషిగన్ మనిషి, అదే గన్నుతో కారెక్కితే దాచినట్టే లెక్క, పర్మిట్ ఉండి తీరాలి. వాషింగ్టన్‌లోనూ తూటాలు నింపిన పిస్టల్ కారులో ఉండాలంటే పర్మిట్ కావాలి.

మూడో రకం న్యూయార్క్, ఇలినాయ్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ. పర్మిట్ తీసుకుని దాచుకోవడం ఒక్కటే దారి. న్యూయార్క్‌లో 16 గంటల క్లాసు, 2 గంటల కాల్పుల శిక్షణ. ఇలినాయ్‌లో 16 గంటలు. వేరే రాష్ట్రం పర్మిట్‌ను వీళ్లు లెక్కచేయరు. కనెటికట్ 2023లో ఓపెన్ క్యారీని ఆపి ఈ వరసలోకి వచ్చింది.

నాలుగోది ఫ్లోరిడా, దాని కథే వేరు. 1987 నుంచి అక్కడ కనబడేలా పెట్టుకోవడం నిషేధం. 2023 జులై 1 నుంచి దాచుకోవడానికి పర్మిట్ అక్కర్లేదన్నారు, కనబడటం మాత్రం నేరంగానే ఉంచారు. 2025 సెప్టెంబరులో అక్కడి అప్పీలు కోర్టు ఆ నిషేధమే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఈ పట్టిక ఏటా మారుతుంది. ప్రయాణానికి ముందు ఆ రాష్ట్ర పోలీసు శాఖ సైటు చూడటం తప్ప దగ్గరి దారి లేదు.

పాతకాలంలో దాచుకోవడమే నేరమట, నిజమేనా?

నిజమే. ఇప్పటి వాదనలు వినేవాళ్లకు వింతగా తోస్తుంది. కెంటకీ, లూయిసియానా 1813లోనే దాచిన ఆయుధాలను నిషేధించాయి. మర్యాదస్తుడు అందరికీ కనబడేలా పెట్టుకుంటాడు, దాచుకునేవాడు దొంగదెబ్బ తీసేవాడు అన్నది అప్పటి లోకరీతి. 1846లో జార్జియా సుప్రీంకోర్టు నన్ కేసులో దాచడాన్ని నిషేధించవచ్చు గానీ కనబడేలా పెట్టుకోవడాన్ని ఆపలేరని చెప్పింది.

ఇరవయ్యో శతాబ్దంలో బండి తిరగబడింది. నగరాలు పెరిగాయి, కనబడే గన్ను భయపెట్టే వస్తువైంది. 1967 మే నెలలో నల్లజాతి హక్కుల సంఘం బ్లాక్ పాంథర్స్ సభ్యులు తుపాకులు పట్టుకుని శాక్రమెంటోలో కాలిఫోర్నియా చట్టసభలోకి నడిచారు. అదే ఏడు తూటాలు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించే మల్ఫర్డ్ చట్టం వచ్చింది. సంతకం చేసిన గవర్నరు రొనాల్డ్ రీగన్. ఎవరి నడుముకు గన్ను కనబడుతోంది అన్నదాన్ని బట్టి అమెరికా అభిప్రాయం మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో గన్ను వ్యక్తిగత హక్కు అన్నది. 2022లో బ్రూయెన్ కేసులో ఇంటి బయట కూడా హక్కే అని, 1913 నాటి న్యూయార్క్ పద్ధతిని, అంటే 'నీకు ప్రత్యేక అవసరం ఉందని చూపించు' అనే షరతును కొట్టేసింది.

టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదు కదా, మరి ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) ఎందుకు?

2021 సెప్టెంబరు 1 నుంచి అక్కర్లేని మాట నిజం. అయినా తీసుకోమనే చెబుతాం. ముఖ్య కారణం బడి.

ఫెడరల్ చట్టం బడి ఆవరణకు 1,000 అడుగుల లోపల గన్నును నేరం చేసింది. ఆ రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. పర్మిట్ అక్కర్లేదన్న చట్టం కింద తిరిగేవాళ్లకు లేదు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో మ్యాపు తెరిచి ప్రతి బడి చుట్టూ 1,000 అడుగుల గుండ్రం గీసి చూడండి. ఆ గుండ్రాలు తాకకుండా కిరాణా కొట్టుకు వెళ్లడం కష్టం. ఈ సెక్షన్ కింద ఒంటరిగా కేసులు అరుదే, కానీ గ్రీన్ కార్డు మనిషి 'అరుదు' మీద బతుకు పెట్టకూడదు.

మిగతావి: టెక్సస్ లైసెన్సును ఒప్పుకునే ఇతర రాష్ట్రాల్లో చెల్లుతుంది, కొనేటప్పుడు ఎఫ్‌బీఐ తనిఖీ కోసం ఆగనక్కర్లేదు (ఫారం మాత్రం నింపాలి), బోర్డుల విషయంలో కాస్త వెసులుబాటు. ఫీజు 40 డాలర్లు, క్లాసు 4 నుంచి 6 గంటలు.

కాల్పుల పరీక్ష 50 రౌండ్లు: 3 గజాల దూరం నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకు 175 వస్తే పాస్. తప్పేవాళ్లు 15 గజాల దగ్గర తప్పుతారని అనుకుంటారు. అక్కడున్నవి 50 మార్కులే, దగ్గరి 40 రౌండ్లు సరిగ్గా కాలిస్తే అప్పటికే పాస్. చిక్కు ట్రిగ్గరును గుంజడంలో ఉంది. శబ్దానికి ముందే మణికట్టు వంగి తూటా కిందికి, కుడిచేతివాళ్లకు ఎడమకు పోతుంది. ఇంట్లో ఖాళీ గన్నుతో, గదిలో ఒక్క తూటా కూడా లేకుండా చూసుకుని, రోజుకు పది నిమిషాలు ట్రిగ్గరు నొక్కడం సాధన చేస్తే రెండు వారాల్లో సర్దుకుంటుంది.

షాపుల ముందు 30.05, 30.06, 30.07 అని బోర్డులుంటాయి. ఏది ఎవరికి?

మూడూ గన్నుతో లోపలికి రావద్దనే బోర్డులే, అంకెలు టెక్సస్ చట్టంలో సెక్షన్ల నంబర్లు. 30.05 లైసెన్సు లేనివాళ్లకు. 30.06 లైసెన్సు ఉండి దాచుకున్నవాళ్లకు. 30.07 లైసెన్సు ఉండి కనబడేలా పెట్టుకున్నవాళ్లకు. 06, 07 బోర్డులు ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, రంగు కొట్టొచ్చినట్టు ఉండాలి. చాలా షాపులు 30.07 ఒక్కటే పెడతాయి. అంటే 'మీ దగ్గర ఉంటే ఉండనీయండి, మా కస్టమర్లకు చూపించకండి' అని. ఈ వాదంలో మార్కెట్ ఇచ్చిన తీర్పు అదేనని అనుకోవచ్చు. వాల్‌మార్ట్ కూడా ఎల్ పాసో కాల్పుల తర్వాత 2019 సెప్టెంబరులో ఇదే అడిగింది: కనబడేలా తేవద్దు అని.

ఎర్రటి 51% బోర్డు వేరు. ఆదాయంలో 51 శాతం, అంతకుమించి అక్కడే తాగే మద్యం మీద వచ్చే చోటు అని దాని అర్థం. అక్కడికి ఎలాగూ తీసుకెళ్లకూడదు. గుడి విషయంలో చట్టం తనంతట తానుగా ఆపదు, కానీ ఆలయ కమిటీ ఈ బోర్డులు పెట్టవచ్చు. బోర్డు లేకపోయినా నోటితో 'బయట పెట్టి రండి' అని చెబితే వెంటనే వెళ్లాలి. చెప్పాక కూడా నిలబడితే 200 డాలర్ల లోపు జరిమానాతో పోయేది క్లాస్ ఎ నేరం అవుతుంది.

పోస్టాఫీసులోకి ఏ రాష్ట్రంలోనైనా వద్దు. అక్కడి రూలు పార్కింగుకూ వర్తిస్తుంది.

గన్ను కనబడితే దొంగ దగ్గరికే రాడు కదా?

ఓపెన్ క్యారీ పక్షం మొదటి వాదన ఇది. కొట్టిపారేయలేం. తేలికైన బేరం వెతికే దొంగ గన్ను చూసి వేరే చోటికి పోవచ్చు. వాళ్ల మిగతా మాటల్లోనూ పస ఉంది: బట్టలు అడ్డం లేవు కాబట్టి త్వరగా తీయవచ్చు, ఎండాకాలం ఒరిపిడి ఉండదు, పెద్ద గన్ను సుఖంగా మోయవచ్చు, పొలంలో, అడవిలో, ఎలుగుబంట్లున్న చోట దాచడంలో అర్థం లేదు.

ఊరి మధ్యకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. గట్టి నిర్ణయంతో వచ్చినవాడికి కనబడే గన్ను రెండు కబుర్లు చెబుతుంది: ముందు ఎవర్ని పడగొట్టాలో, లాక్కోదగిన వస్తువు ఎక్కడుందో. దాచినవాడి దగ్గర ఎంచుకునే స్వేచ్ఛ మిగులుతుంది. తలుపు వైపు జారుకోవచ్చు, పిల్లల్ని తీసుకుని పోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. కనబడేలా పెట్టుకున్నవాడు ఆ గదిలో అప్పటికే ఒక పాత్రధారి. మా ఓటు ఊళ్లో దాచడానికే, పొలంలో మాత్రం ఎలాగైనా ఫరవాలేదు.

నిజంగా కాల్పులు జరిగిన చోట ఏమైంది?

2022 జులైలో ఇండియానాలో గ్రీన్‌వుడ్ మాల్‌లో ఒకడు రైఫిల్‌తో కాల్పులు మొదలుపెడితే, పిస్టల్ దాచుకుని ఉన్న 22 ఏళ్ల కుర్రాడు 15 సెకన్లలో అతన్ని ఆపాడు. ఆ రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదన్న చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆ మాల్ గన్నులు వద్దన్న చోటు, అది వేరే తగాదా.

2021 జూన్‌లో కొలరాడోలోని ఆర్వాడాలో కూడా దాచుకున్న గన్నుతో ఒకతను దుండగుణ్ణి పడగొట్టాడు. తర్వాత ఆ దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసు అధికారి ఇతన్నే దుండగుడనుకుని కాల్చేశాడు. డాలస్‌లో 2016 జులై 7 రాత్రి పోలీసుల మీద కాల్పులు జరిగినప్పుడు కూడా ఇలాంటి గందరగోళమే. ఊరేగింపులో రైఫిళ్లు తగిలించుకుని వచ్చినవాళ్లు సుమారు 20 మంది ఉన్నారని మేయరు చెప్పారు. వాళ్లలో ఏ తప్పూ లేని ఒకతని ఫోటోను పోలీసులు అనుమానితుడని బయటపెట్టారు.

అందుకని, ఎప్పుడైనా తీయాల్సివస్తే పని అయిన మరుక్షణం హోల్‌స్టర్‌లో పెట్టేయాలి. చేతిలో గన్నుతో ఉన్న గోధుమరంగు మనిషిని పరుగెత్తుకొచ్చిన పోలీసు ఎలా చదువుతాడో మీకు చెప్పనక్కర్లేదు.

హోల్‌స్టర్ ఏది కొనాలి?

గన్ను మీద పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా హోల్‌స్టర్ మీద పెట్టకపోవడమే కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. ఏ పద్ధతైనా మూడు షరతులు: ట్రిగ్గరు మొత్తం గట్టి పదార్థంతో మూసుకుపోవాలి, గన్ను తీశాక కూడా హోల్‌స్టర్ నోరు తెరిచే ఉండాలి, బెల్టును వదలకుండా పట్టుకోవాలి. సరిగ్గా మీ మోడల్ కోసం పోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) అయితే ఈ మూడూ ఉంటాయి. 'అన్ని గన్లకూ సరిపోతుంది' అనే మెత్తటి గుడ్డ సంచులు వద్దు. వాటి మీదనుంచే ట్రిగ్గరు నొక్కుకుపోగలదు.

కనబడేలా పెట్టుకునేవాళ్లకు నాలుగో షరతు లాకు. వెనకనుంచి వచ్చి పైకి లాగితే రాకూడదు. బొటనవేలితో నొక్కితేనే తెరుచుకునే రకం కనీసం ఉండాలి. చూపుడువేలితో బటన్ నొక్కే రకంలో ఒక చిక్కుంది, కంగారులో అదే వేలు అదే ఊపులో ట్రిగ్గరు మీదికి జారుతుంది. లాకు లేని తోలు హోల్‌స్టర్‌లో గన్ను వేలాడేసుకుని సూపర్‌మార్కెట్ క్యూలో నిలబడేవాళ్లను చూస్తే మాకు భయం వాళ్ల గన్నంటే కాదు, వాళ్ల వెనక నిలబడ్డవాడంటే.

దాచేవాళ్లకు ప్యాంటు లోపలికి వెళ్లే రకం మేలు. కుడి తుంటి వెనక, గడియారంలో 4 గంటల చోట పెడితే కూర్చోవడం సుఖం, కానీ వంగితే చొక్కా మీద ఆకారం తేలుతుంది. ముందు, 1 గంట చోట పెడితే బాగా దాగుతుంది, తీయడం కూడా త్వరగా అవుతుంది. అయితే గొట్టం తొడలోని పెద్ద రక్తనాళం వైపు ఉంటుంది, పొరపాటుకు క్షమాపణ లేదు. నడుము వెనక వెన్నెముక మీద మాత్రం వద్దు. జారి వెల్లకిలా పడితే వెన్నుకు దెబ్బ, పైగా చేయి అందదు.

బెల్టు అంగుళంన్నర వెడల్పు, గట్టిది. నిండా తూటాలున్న గ్లాక్ 19 దాదాపు 850 గ్రాములు. మామూలు ఫార్మల్ బెల్టు దానికి వంగిపోతుంది, గన్ను బయటికి ఒరుగుతుంది, దాచినది దాగదు.

ప్రమాదాలు ఎక్కువ ఎప్పుడు జరుగుతాయి?

తీసేటప్పుడు కాదు, తిరిగి పెట్టేటప్పుడు. చొక్కా అంచు, జాకెట్ తాడు, దుపట్టా కొస హోల్‌స్టర్‌లోకి దూరి ట్రిగ్గరు మీద పడుతుంది. మీరు కిందికి తోస్తుంటే గుడ్డ ట్రిగ్గరును వెనక్కి తోస్తుంది. కుర్తా గన్నును చక్కగా దాస్తుంది గానీ ఇంత గుడ్డ చుట్టూ ఉండటమే దాని ముప్పు. పద్ధతి ఇది: వేలు ట్రిగ్గరు బయట గన్ను పక్కన చాచి ఉంచాలి, ఎడమ చేత్తో బట్టను ఛాతీ దాకా ఎత్తి పట్టుకోవాలి, నడుము కాస్త ముందుకు తోసి హోల్‌స్టర్ నోట్లోకి కళ్లతో చూడాలి, నెమ్మదిగా పెట్టాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే ఆగి బయటికి తీయాలి, నొక్కకూడదు. ఇంకా సులువు, హోల్‌స్టర్ బయటికి తీసి, గన్ను అందులో పెట్టి, రెండూ కలిపి నడుముకు తగిలించుకోవడం.

రెండో చోటు మరుగుదొడ్డి. ప్యాంటు దించగానే గన్ను జారుతుంది, పక్కన పేపరు స్టాండు మీద పెడతారు, మర్చిపోతారు. పెట్టొద్దు. హోల్‌స్టర్‌లోనే ఉంచి దించిన ప్యాంటు మడతలో కూర్చోబెట్టుకోండి.

మూడోది హ్యాండ్‌బ్యాగు. 2014 డిసెంబరులో ఐడహోలో ఒక వాల్‌మార్ట్‌లో రెండేళ్ల పిల్లవాడు తల్లి బ్యాగులోని గన్ను తీయడంతో పేలి ఆమె చనిపోయింది. పసిపిల్లలు ఉన్నవాళ్లు బ్యాగులో పెట్టుకోవద్దు, ప్రత్యేక అర ఉన్నా సరే.

ఇక తక్కువ మందికి తెలిసినది: రోజూ రాత్రి తూటా తీసి పొద్దున అదే తూటాను మళ్లీ చేంబర్లోకి ఎక్కిస్తుంటే దాని ముక్కు కొద్దికొద్దిగా వెనకున్న ఇత్తడి తొడుగులోకి దిగిపోతుంది. లోపల చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, పొట్టిగా ఉంటే వాడొద్దు.

చొక్కా లేచి ఒక్క క్షణం కనబడింది. నేరమా?

కావాలని చూపించనంతవరకు చాలా రాష్ట్రాల్లో కాదు. గొడవ మధ్యలో చొక్కా ఎత్తి చూపిస్తే మాత్రం ఖచ్చితంగా నేరం, మీది ఏ రాష్ట్రమైనా.

పోలీసు కారు ఆపితే ఏం చెప్పాలి?

ఇంజిన్ ఆపి, లోపలి లైటు వేసి, చేతులు రెండూ స్టీరింగు మీద. మిషిగన్ లాంటి చోట్ల అడగకముందే గన్ను ఉందని చెప్పి తీరాలి. టెక్సస్‌లో గుర్తింపు అడిగినప్పుడు డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఎల్‌టీసీ కూడా ఇవ్వాలి. 'నా దగ్గర గన్ ఉంది' అని వాక్యం మొదలుపెట్టొద్దు. 'నాకు క్యారీ లైసెన్సు ఉంది, కుడి నడుము దగ్గర ఉంది, ఏం చేయమంటారో చెప్పండి' అనండి. ఆయన చెప్పేదాకా చేతులు కదపొద్దు. 2016 జులైలో మినెసోటాలో ఫిలాండో కాస్టిల్ తన దగ్గర గన్ను ఉందని మర్యాదగా చెప్పాక కూడా అధికారి కాల్పుల్లో చనిపోయాడు. ఆయనకు పర్మిట్ ఉంది. అధికారిని జ్యూరీ వదిలేసింది. మర్యాద పూర్తి రక్షణ కాదు, కదలకుండా ఉండటం దానికంటే కాస్త నయం.

రోడ్డు మీద కనబడేలా పెట్టుకుని నడుస్తున్నవాణ్ణి అది చట్టబద్ధమైన రాష్ట్రంలో ఆ ఒక్క కారణంతో పోలీసు ఆపకూడదని ఫెడరల్ అప్పీలు కోర్టులు 2013లో, 2015లో చెప్పాయి. ఎవరో 911కు ఫోన్ చేశాక జరిగేది వేరు. కోర్టులో గెలవడం తర్వాతి సంగతి.

క్యారీ చట్టాల వల్ల నేరాలు తగ్గాయా, పెరిగాయా?

1997లో పరిశోధకులు జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ తగ్గాయన్నారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆ లెక్కలు అటూ ఇటూ తేల్చవని చెప్పింది. 2019లో జాన్ డోనహ్యూ బృందం పదేళ్లలో హింసాత్మక నేరాలు ఉండాల్సినదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువయ్యాయని లెక్కగట్టింది. ఇవన్నీ దాచుకునే పర్మిట్లు సులభం చేసిన చట్టాల గురించి. కనబడటం మేలా దాచడం మేలా అన్న ప్రశ్నకు వీటిలో జవాబు లేదు. ఎవరైనా ఈ అంకెలు చూపించి ఓపెన్ క్యారీ గురించి వాదిస్తే వాళ్లు చదవలేదని అర్థం.

టెక్సస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అక్కవాళ్లింటికి కారులో వెళ్తున్నాను. గన్ను తీసుకెళ్లవచ్చా?

ఇంట్లో వదిలేయండి. న్యూజెర్సీలో పర్మిట్ లేని చేతి తుపాకీ రెండో డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు, అందులో 42 నెలలు పెరోల్ కూడా లేకుండా. దారిలో దాటిపోయేవాళ్లకు ఫెడరల్ రక్షణ ఉంది: తూటాలు తీసి, తాళం వేసి, చేతికి అందకుండా డిక్కీలో పెట్టి, రెండు చివర్లా గన్ను చట్టబద్ధమైతే. గమ్యమే న్యూజెర్సీ అయితే ఆ రక్షణ మీకు అందదు. విమానం తప్పిపోయి న్యూజెర్సీలోని నెవార్క్‌లో హోటల్లో రాత్రి గడిపిన ఒక ప్రయాణికుణ్ణి పొద్దున అరెస్టు చేశారు. రాత్రి పెట్టె చేతికి అందేలా ఉందన్న కారణంతో 2010లో అప్పీలు కోర్టు కూడా అతని పక్షం తీసుకోలేదు.

విమానంలో? ఇండియాకు?

అమెరికాలో దేశీయ విమానమైతే ఖాళీ గన్ను, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానులో, కౌంటర్ దగ్గర చెప్పి పంపవచ్చు. చేతి సంచిలో మరిచిపోయి వచ్చినవే 2023లో విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే టీఎస్‌ఏకు 6,737 దొరికాయి, వాటిలో ఎక్కువ భాగం తూటాలు నింపినవే.

ఇండియాకు గన్ను మాట ఎత్తొద్దు. అక్కడ లైసెన్సు ఉన్నవాళ్లకు కూడా 2016 ఆయుధాల నిబంధనలు బహిరంగ స్థలంలో తుపాకీ పూర్తిగా కప్పి ఉంచాలంటాయి. అంటే ఓపెన్ క్యారీ చర్చే లేదు. మనవాళ్లు ఇరుక్కునేది గన్నుతో కాదు, ఒక్క తూటాతో. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే శంషాబాద్ ప్రయాణానికి సర్దుతారు, అడుగున ఒక 9 ఎంఎం దొర్లి ఉంటుంది, తిరుగు ప్రయాణంలో స్కానర్ పట్టేస్తుంది. ఆయుధాల చట్టం కింద కేసు, అరెస్టు. తెలిసి ఉంచుకున్నది కాదని తేలితే హైకోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, అప్పటిదాకా పాస్‌పోర్టు కోర్టులో, సెలవులు ఆఫీసులో అయిపోతాయి. రేంజికి ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, దాన్ని గరాజు దాటనీయకండి. ఏ బ్యాగైనా సర్దే ముందు తిరగేసి దులిపి, లోపలి గుడ్డ కుట్ల వెంట వేలితో తడిమి చూడండి.